సైకిళ్ళ మధ్య కుర్చీ

ఆగస్టు 4, సోమవారం

గొంతు డాక్టరు నా నోట్లోకి లైటు వేసి, పాడుబడ్డ బావిలోకి తొంగిచూసినవాడిలా మొహం పెట్టాడు. లోపల రెండు కాయలు కాశాయట. ఇన్నేళ్ళు అరిచి అరిచి నేనే పెంచుకున్న పంట. ఆరు వారాలు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు, అది మరీ చేటు. కాదూ కూడదంటే కోసి తీయాలి. కోశాక గొంతు ఎలా ఉంటుందో ఆయన చెప్పలేడు.

విజిల్ ఊదొచ్చా అని కాగితం మీద రాసి చూపించాను.

"గొంతు మీద ఒత్తిడి పడే పనేదీ వద్దు. అసలు మీరు చేసే పనేంటి?"

హైస్కూల్లో పిల్లల చేత బరువులెత్తిస్తాను అని రాశాను.

"ఎత్తేది వాళ్ళేగా? మరి మీరెందుకండీ అరవడం?"

దీనికి నా దగ్గర మంచి జవాబుంది. చెప్పడానికి నోరే లేదు.

మా ఆవిడ మందుల షాపు దగ్గరే నవ్వాపుకోలేకపోయింది. "ఆరే వారాలా? ఇంకో ఆరు కలిపి రాయమనకపోయారా?" అంది. దారిలో ఒక పలక, ఈ డైరీ కొనిపెట్టింది. పలక జనంతో మాట్లాడటానికి. డైరీ ఎందుకంటే, "మీ కోపమంతా ఇందులో పొయ్యండి, నా మీద కాదు" అని.

పోస్తున్నాను.

ఆగస్టు 5, మంగళవారం

మా బరువుల గది ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసే కొట్టు. రేకుల కప్పు, పక్కన సైకిళ్ళ షెడ్డు. నేల మీద పాత రబ్బరు బెల్టు ముక్కలు నేనే పరిచాను. ఎదురుగోడ మీద పెయింటరు చేత ఎర్రరంగుతో రాయించిందీ నేనే: "నీ బలం నీలోనే ఉంది." మూలన నా కుర్చీ. అక్కడ కూర్చుంటే గదంతా నాకు కనిపిస్తుంది. గదిలో అందరికీ నేను కనిపిస్తాను.

ఇవాళ పోయి కూర్చున్నాను. పిల్లలందరూ బట్టలు మార్చుకుని, చేతులకు సుద్దపొడి రాసుకుని నిలబడ్డారు.

నిలబడే ఉన్నారు.

అప్పుడర్థమైంది, నేను "ఊఁ" అనాలని చూస్తున్నారు. నేను "ఊఁ" అంటే బరువుల బార్ లేస్తుంది. "చాల్లే" అంటే దిగుతుంది. మధ్యలో "తిండి తిన్నావా, గాలి తిన్నావా?" అంటే ఇంకో రెండుసార్లు ఎక్కువ లేస్తుంది. ఇదీ మా పద్ధతి. పద్ధతి కాదు, అలవాటయిపోయింది వెధవలకి.

బోర్డు మీద రాశాను: "బరువులు ఎత్తడానికి మీ తాతలు వస్తారా?"

చదువుకుని నవ్వారు. నవ్వి కూర్చున్నారు.

అదే మాట నోటితో అంటే ఒక్కడు కూర్చునేవాడా?

ఆగస్టు 6, బుధవారం

హెడ్మాస్టరమ్మ పిలిచింది. "మాస్టారూ, సెప్టెంబరు పోటీలకి పేర్లు పంపాలి. మీరు మాట్లాడలేనప్పుడు టీమ్‌ని ఎవరు చూస్తారు? పోనీ, ఈసారికి మానేద్దామా?"

పలక మీద రాశాను: "కెప్టెన్ చూసుకుంటాడు."

చూసుకోలేడు. కెప్టెన్ అంటే లారీ, వాడి ఒళ్ళు చూసి నేను పెట్టిన పేరు. అందరికంటే ఎక్కువ ఎత్తేవాడే కెప్టెన్, అది నా రూలు. వాడు ఒక మూలనుంచి ఇంకో మూలకి నడిస్తే రేకులు అదురుతాయి. సొంత సైకిల్ తాళం ఎక్కడ పెట్టాడో మాత్రం చూసుకోలేడు. వారం తిరక్కుండా అందరూ గోల పెడతారు, మాస్టారు కావాలి, మాస్టారు లేకపోతే కాదు అని. పెట్టనీ.

ఆగస్టు 8, శుక్రవారం

లారీ నా కుర్చీ పక్కన నిలబడి, నా గొంతు పెట్టి అరిచాడు. "ఏరా! తిండి తిన్నావా, గాలి తిన్నావా?"

అచ్చం నాలాగే ఉంది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఒక్కడూ ఎత్తలేదు. ఆ తర్వాత వాడు తన వంతుకి బార్ భుజాల మీద వేసుకుని గుంజీకి దిగాడు, లేవలేకపోయాడు. పోయిన నెల ఆడుతూ పాడుతూ లేపిన బరువు అది. కింద కూలబడి నా వంక చూశాడు, నేనేదో దాచుకున్నట్టు.

ఇంతలేసి కండలు పెంచాను. ఒక్కడి లోపలా ఏమీ లేదు.

ఆగస్టు 11, సోమవారం

సగం మందే వచ్చారు. మిగతా సగానికి కడుపునొప్పట. అందరికీ కలిపి ఒకటే కడుపు కాబోలు.

ఆగస్టు 14, గురువారం

దొరికింది!

బార్‌కి ఎక్కించే ఇనప ప్లేట్లలో అరిగిపోయినదొకటి తాడు కట్టి కుర్చీ పక్కన వేలాడదీశాను. చేతిలో పెద్ద స్పానరు. ఒక్క దెబ్బ కొడితే ఎత్తాలి. రెండు దెబ్బలు కొడితే దించాలి. రేకుల కింద ఆ మోత నా గొంతు కంటే బాగుంది. ఊళ్ళో బడి గంట కొట్టే పని నాకివ్వమని చిన్నప్పుడు ఏడ్చేవాణ్ణి. యాభై దాటాక ఇచ్చారు.

పిల్లలు మళ్ళీ మరల్లా పనిచేస్తున్నారు. లారీ పాత బరువు లేపాడు. కడుపునొప్పులు తగ్గిపోయాయి.

ఆగస్టు 19, మంగళవారం

ఇంటికొచ్చి పలక మీద మా ఆవిడకి రాసి చూపించాను: "ఒక్క మాట అనకుండానే ఎత్తుతున్నారు. సొంతంగా. ఎవరూ చెప్పక్కర్లేదు."

"మరి ఆ గంట కొడుతున్నదెవరు?"

"నేనే."

"సొంతంగా అంటే మీరన్నమాట," అంటూ కూర తరగడానికి వెళ్ళిపోయింది.

ఆవిడకి బరువుల సంగతి ఏం తెలుసు?

ఆగస్టు 23, శనివారం

పక్క స్కూల్లో ప్రాక్టీసు పోటీ. రిఫరీకి కళ్ళు లేవు. అంతే.

ఆగస్టు 24, ఆదివారం

అంతే కాదు. రాయకపోతే మెతుకు దిగేలా లేదు.

పెన్సిల్ అని ఒక పిల్ల ఉంది. సన్నగా ఉంటుందని ఆ పేరు పెట్టింది నేనే. అన్నిటికంటే తక్కువ బరువు విభాగంలో మాకున్నది ఆ పిల్ల ఒక్కతే. అది ఒక్కసారైనా సరిగ్గా ఎత్తితేనే మా టీమ్ మొత్తం లెక్కలోకి వస్తుంది. లేకపోతే లారీ కొండనెత్తినా దండగే. పైగా ఆ పిల్లకి ఈ స్కూల్లో ఇదే ఆఖరి ఏడు.

బార్ భుజాల మీద వేసుకోవాలి. రిఫరీ "దిగు" అంటే గుంజీ తీసినట్టు దిగి లేవాలి. లేచాక కదలకుండా నిలబడాలి. రిఫరీ "పెట్టు" అన్నాకే బార్‌ని స్టాండు మీద పెట్టాలి. మూడు అవకాశాలు.

మొదటిసారి దిగింది, లేచింది. ఎంత బాగా లేచిందంటే నాకు ఒళ్ళు తెలియలేదు. చేతిలో స్కూటర్ తాళాలున్నాయి, ఎదురుగా ఇనప కటకటాలున్నాయి. టంగు టంగుమని రెండు దెబ్బలు వేశాను. మెచ్చుకోలుగా. పెన్సిల్ ఠక్కున బార్ పెట్టేసింది. రిఫరీ ఇంకా నోరు తెరవలేదు. మూడు ఎర్ర లైట్లు వెలిగాయి, అంటే తప్పినట్టే.

రెండోసారి రిఫరీని చూడాల్సింది పోయి నా వైపు చూస్తూ దిగింది. సగంలో ఒరిగింది. ఎర్ర లైట్లు.

మూడోసారి నేను తాళాలు జేబులో పెట్టుకుని చేతులు కట్టుకున్నాను. దేవుడి సాక్షిగా కదల్లేదు. అది దిగింది. లేచింది. నిలబడింది. రిఫరీ "పెట్టు" అన్నాడు. పెట్టలేదు. మళ్ళీ "పెట్టు!" అన్నాడు. బార్ మోస్తూ, కళ్ళార్పకుండా నా చేతులనే చూస్తోంది. దెబ్బలు పడాలని చూస్తోంది! చివరికి పక్కన నిలబడ్డ ఇద్దరూ బార్ పట్టుకుని దించారు. పట్టుకుంటే తప్పినట్టే. ఎర్ర లైట్లు.

మూడుసార్లు కష్టపడింది. లెక్కలో ఒక్కటీ లేదు.

ఆ రిఫరీ కాస్త గట్టిగా అరిచి ఉంటే వినపడేది కాదా? డాక్టరు నా నోరు కట్టేయకపోతే ఇదంతా జరిగేదా? ఆ పిల్లకైనా ఉండొద్దూ, ఎవరి మాట వినాలో!

బస్సులో పెన్సిల్ మొహం కడుక్కుని వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. డాక్టరు నాకే కదా చెప్పింది.

ఆగస్టు 26, మంగళవారం

నా స్పానరు పోయింది.

ఆగస్టు 27, బుధవారం

నా కుర్చీ పోయింది!

పోలేదు, సైకిళ్ళ షెడ్డులో పెట్టారు. రెండు సైకిళ్ళ మధ్య, గోడకి ఆనించి, నేనూ ఒక తొక్కుడు బండినే అన్నట్టు. నేను కొనుక్కున్న కుర్చీ. నా వీపు పడీ పడీ గుంట పడిన కుర్చీ. ఒళ్ళు భగ్గుమంది. లోపలికి వెళ్ళి పలక మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను: "ఎవడు?"

లారీ నేలచూపులు చూశాడు. వాడి వెనకనుంచి పెన్సిల్ ముందుకొచ్చింది. చేతిలో నా స్పానరు.

"నేనే సార్. ఇది కూడా నేనే తీశా."

"ఎందుకు?" సుద్దముక్క విరిగింది.

"నాకు బరువంటే భయం వెయ్యలేదు సార్ ఆ రోజు. లేచా కూడా. లేచాక ఏం చెయ్యాలో మీ చెయ్యి చెబుతుందని ఆగా. మీ కుర్చీ ఎదురుగా ఉంటే నా కళ్ళు అటే పోతాయి. ఎంత వద్దనుకున్నా పోతాయి. అందుకని బయట పెట్టాం."

"పెట్టాం" అంది. "పెట్టాను" అనలేదు. చుట్టూ చూశాను. ఒక్కడు కూడా దాన్ని వెనక్కి లాగలేదు. వెన్నుపోటుదార్లు. సుద్దపొడి కూడా నా డబ్బాలోదే రాసుకున్నారు.

ఆగస్టు 28, గురువారం

హెడ్మాస్టరమ్మకి ఫిర్యాదు చేశాను. పలక సరిపోక కాగితాలు తీసుకెళ్ళాను. ఆవిడ ఓపిగ్గా చదివింది. "కుర్చీ" అన్నచోట పెదవి కొరుక్కుంది, నవ్వు రాకుండా.

"అయితే ఇప్పుడు గదిని ఎవరు నడుపుతున్నారు మాస్టారూ?"

"వాళ్ళే" అని రాయాల్సి వచ్చింది.

"రోజూ వస్తున్నారా?"

"వస్తున్నారు."

"అందరూనా?"

పలక తుడిచేశాను.

"గోడ మీద మీరు రాయించిందేంటి?" అంది. "తలుపు తీసి ఉంటే నాకు ఇక్కణ్ణుంచి కూడా కనిపిస్తూ ఉంటుంది."

పెద్ద అక్షరాలతో రాయించడం నా పొరపాటు.

సెప్టెంబరు 2, మంగళవారం

షెడ్డులోనే కూర్చుంటున్నాను. ఎక్కడికి పోతాను? జీతం ఇస్తున్నారుగా.

అక్కణ్ణుంచి లోపల ఏమీ కనపడదు. వినిపిస్తుంది. వినకూడదనుకున్నా వినిపిస్తుంది. పెన్సిల్ కొత్త పద్ధతి పెట్టింది. ఎత్తబోయేవాడు ఇవాళ ఎంత ఎత్తుతాడో ముందు తనే బయటికి చెప్పాలి. వెనక నిలబడ్డవాడు రిఫరీ. "దిగు", "పెట్టు" తప్ప ఇంకో మాట అనకూడదు. తిట్టకూడదు. జోకులు వెయ్యకూడదు.

జోకులు కూడా వద్దట! ఇరవై ఏళ్ళుగా ఆ గది దేని మీద నడిచిందనుకుంటున్నారు?

ఇవాళ ఒకడు తను ఎత్తలేనంత చెప్పాడు. నేనైతే దులిపేసేవాణ్ణి. పెన్సిల్ "సరే, ఎక్కించుకో" అంది. వాడు దిగి లేవలేదు. ధనామని చప్పుడు.  ఏడుస్తున్నాడేమో అనుకున్నా. కాసేపటికి వాడి గొంతే వినపడింది, తక్కువ బరువు చెబుతూ. ఈసారి లేచాడు.

సైకిల్ బెల్లు ఒకటి నొక్కుతూ కూర్చున్నాను. ఊరికే, చెయ్యి ఖాళీగా ఉండి.

సెప్టెంబరు 9, మంగళవారం

లారీ షెడ్డులోకి వచ్చి సైకిల్ స్టాండు మీద కూర్చున్నాడు. స్టాండు మూలిగింది.

"సార్, కెప్టెన్ నేనేనా ఇంకా?"

భుజాలెగరేశాను.

"అందరూ పెన్సిల్‌నే అడుగుతున్నారు సార్. నేను కూడా దాన్నే అడుగుతున్నా." పక్క సైకిల్ పెడల్ తిప్పుతూ, "నాకేం బాధగా లేదు సార్. నేను ప్లేట్లు ఎక్కిస్తున్నా అందరికీ. ఎవరికి ఎంతో గుర్తుపెట్టుకుంటున్నా. నా వంతు ఆఖర్న పెట్టుకున్నా" అన్నాడు.

పలక మీద రాశాను: "లారీవి కదా. సరుకు మొయ్యాలి మరి."

ఎంతగా నవ్వాడంటే, పక్కనున్న సైకిల్ పడిపోయింది. లేవనెత్తుతూ అన్నాడు: "సార్, మీరు లేకుండా నేను పాత బరువు దాటా."

మంచిది అని రాయబోయాను. సుద్ద అరిగిపోయింది.

ఇప్పుడు దించిన చప్పుడు వింటే చాలు, ఎవరో చెప్పగలను. లారీ పెడితే గోడ కూడా అదురుతుంది. పెన్సిల్ పెడితే రెండు వైపులా ఒకేసారి, చిన్నగా, పళ్ళెం బల్ల మీద పెట్టినట్టు. ఇదంతా నాకెందుకు తెలియాలి? ఒళ్ళు మండుతోంది.

సెప్టెంబరు 15, సోమవారం

కాయలు కరిగిపోయాయట. డాక్టరు "ఇక మాట్లాడొచ్చు, మెల్లగా" అన్నాడు. నేను తలూపి బయటికొచ్చాను.

మా ఆవిడ ఎదురుచూస్తోంది. "ఏదీ, ఒక్క మాట అనండి."

తల అడ్డంగా ఊపాను. పలక మీద రాశాను: "శనివారం పోటీ. మొదటి కేక అక్కడే."

"ఇంట్లో మనిషినున్నాను, నాతో మొదటి మాట మాట్లాడరా?"

"దాచుకుంటున్నాను."

"పలకతోనే కాపురం చెయ్యండి!" దారంతా నా వైపు చూడలేదు. ఇంటికొచ్చాక నా కంచం పెట్టి గ్లాసు పెట్టలేదు. అడగడానికి నోరుంది. అడగలేదు.

శనివారం ఎంత మందున్నా సరే. పెన్సిల్ మూడోసారి దిగినప్పుడు కప్పు లేచిపోయేలా "ఊఁ" అంటాను. అప్పుడు తెలుస్తుంది.

సెప్టెంబరు 20, శనివారం

పెద్ద హాలు. బస్సు దిగగానే పెన్సిల్ నా దగ్గరకొచ్చింది. గొంతు వచ్చిన సంగతి దానికి తెలియదు, ఎవరికీ చెప్పలేదు.

"సార్, మీరు బ్యాగుల దగ్గర ఉండండి. వరండాలో."

పలక తీశాను. "నేను కోచ్‌ని."

"తెలుసు సార్." చేతులు నలుపుకుంది. కళ్ళు మాత్రం దించలేదు. "అందుకే. మీరు లోపలుంటే నేను మీకోసం ఎత్తుతా సార్. ఇవాళ ఒక్కరోజు."

నోటిదాకా వచ్చింది. ఏం కూశావే అని. గొంతులో నిండుగా ఉంది, ఆరు వారాల సరుకు. ఆ పిల్ల భుజాల మీద బార్ ఒరిపిడికి రెండు వైపులా చర్మం గట్టిపడి నల్లబడింది. ఆ మచ్చలు నేనెప్పుడూ చూడలేదు. కుర్చీలోంచి కనపడవు.

వెళ్ళి బ్యాగుల మధ్య కూర్చున్నాను. కోచ్‌ని. ఇరవై ఏళ్ళ జీవితం ఇందులో పోసినవాణ్ణి. ఎవరిదో తువ్వాలు వాసన కొడుతోంది. ఎవరిదో టిఫిన్ డబ్బా కారుతోంది. వచ్చే పోయే స్కూళ్ళవాళ్ళు నన్ను వాచ్‌మన్ అనుకుని బాత్‌రూమ్ ఎటు అని అడుగుతున్నారు. చెయ్యెత్తి చూపించాను.

లోపల పెన్సిల్ వంతు పిలిచారు. మొదటిసారి చప్పుడు ఒక వైపు ముందు, ఇంకో వైపు వెనక. తప్పింది.

రెండోసారి మధ్యలోనే ధనామంది. తప్పింది.

లేచి తలుపు దాకా వెళ్ళాను. తలుపు మీద చెయ్యి వేశాను. లోపల ఎవరో "దిగు" అన్నారు. ఆ తర్వాత ఏమీ లేదు. ఎక్కడికో దిగిపోయి ఉంటుంది, అక్కడే ఉండిపోయి ఉంటుంది. ఒక్క "ఊఁ" చాలు దానికి. నోరు తెరిచాను. గాలి కూడా పీల్చుకున్నాను.

పీల్చుకున్నవాణ్ణి పీల్చుకున్నట్టే నిలబడ్డాను. చొక్కా గుండీ పుటుక్కుమంది.

బార్ కిర్రుమంది. నిశ్శబ్దం. అంత నిశ్శబ్దాన్ని ఆ పిల్ల ఎలా మోసిందో. "పెట్టు."

రెండు వైపులా ఒకేసారి. చిన్నగా. పళ్ళెం బల్ల మీద పెట్టినట్టు.

తలుపు తోసుకుని లారీ వచ్చి నా మీద పడబోయాడు. "సార్! ఎత్తేసింది సార్!"

"తెలుసురా" అన్నాను.

వాడు నోరు వెళ్ళబెట్టాడు. "సార్! మీకు గొంతొచ్చిందా?"

"వచ్చి అయిదు రోజులైంది."

"మరి అరవలేదేంటి సార్?"

"అరుస్తూ కూర్చుంటే బ్యాగులెవడు చూస్తాడ్రా?"

సెప్టెంబరు 21, ఆదివారం

మా ఆవిడకి నిజం చెప్పేశాను. "ఇన్నాళ్ళు దాచి దాచి, మొదటి మాట ఆ లారీగాడికా!" అంది. రెండో మాట నుంచీ అన్నీ నీకే అన్నాను. "వద్దులెండి, డాక్టరు మెల్లగా అన్నాడుగా" అంది. గ్లాసు మాత్రం పెట్టింది.

టీమ్‌కి మూడో స్థానం వచ్చింది. రేపు ఆ గది సంగతి తేల్చాలి. గొంతుంది ఇప్పుడు. కుర్చీ లోపలికి తెచ్చుకుంటాను. ఎవడు అడ్డమొస్తాడో చూస్తాను.

సెప్టెంబరు 22, సోమవారం

పొద్దుట్నుంచీ వాన. సైకిళ్ళ షెడ్డు కారుతుందని నాకు తెలుసు. గొడుగేసుకుని పరిగెత్తాను, కుర్చీ తడిసి నానిపోయి ఉంటుందని, ఈ దెబ్బకి వెధవలందర్నీ వరసగా నిలబెట్టి దులుపుదామని.

కుర్చీ మీద రబ్బరు పట్టా కప్పి ఉంది. బరువుల గది నేల మీద నేను పరిచిన ముక్కల్లో ఒకటి. ఎగిరిపోకుండా పైన ఒక చిన్న ప్లేటు పెట్టారు. పెన్సిల్ ఎక్కించుకునే ప్లేటు.

ఇంత పని చేశారు. లోపలికి మాత్రం తేలేదు, వెధవలు.

పట్టా తీసి కూర్చున్నాను. ఇంకా పొడిగానే ఉంది.